వారంటీ కార్డులో లేనంత మాత్రాన హక్కు లేనట్టేనా?

కొన్న వస్తువు చెడిపోయి ఇబ్బంది పడుతున్న పాఠకుల ఉత్తరాలకే ఈసారి శీర్షిక మొత్తం కేటాయించాం. రాసిన వారి ఊళ్లు వేరు, వస్తువులు వేరు. దుకాణాల వాళ్లు చెప్పిన మాట మాత్రం ఒక్కటే: "వారంటీ ఇచ్చింది కంపెనీ, కంపెనీతోనే మాట్లాడుకోండి." వారంటీ ఇచ్చింది కంపెనీయే అన్నంత వరకు ఆ మాట నిజం, అమ్మిన వారికి బాధ్యత లేదన్న అర్థంలో మాత్రం అది చెల్లదు. ఈ తేడా తెలియకనే చాలామంది తమకు న్యాయంగా రావలసిన దానిని వదులుకుంటున్నారు కనుక మొదటి ఉత్తరానికి విస్తారంగా జవాబు ఇస్తున్నాం. మిగిలిన వారు కూడా దానిని చదవాలని మనవి.

ప్రశ్న: మా ఊరి షోరూంలో 38,500 రూపాయలు పెట్టి డబుల్ డోర్ ఫ్రిజ్ కొన్నాం. మూడు వారాలకే కూలింగ్ ఆగిపోయింది. షోరూంలో అడిగితే కంపెనీ నంబరు చేతిలో పెట్టి పంపేశారు. కంపెనీ మెకానిక్ వచ్చి గ్యాస్ నింపాడు. పది రోజులు పనిచేసి మళ్లీ ఆగిపోయింది. రెండోసారి లోపలి బోర్డు మార్చారు. ఇప్పుడు కంప్రెసర్ పోయిందంటున్నారు. ఫ్రిజ్ మార్చి ఇవ్వమంటే, వారంటీలో మరమ్మతు మాత్రమే ఉందని, కంపెనీ నిర్ణయమే తుది నిర్ణయమని, వివాదం ఏదైనా ఢిల్లీ కోర్టులోనే తేల్చుకోవాలని కార్డులో రాసి ఉన్నది చూపిస్తున్నారు. బిల్లు కింద "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అని కూడా ఉంది. మా డబ్బు తిరిగి వచ్చే దారి ఉందా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఉందమ్మా. అయితే ఆ దారి వారంటీ కార్డులో వెతికితే దొరకదు.

మీరు ఫ్రిజ్ కొన్న రోజున మీ చేతికి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి బిల్లు, రెండోది వారంటీ కార్డు. బిల్లు మీకూ షోరూంకూ మధ్య జరిగిన అమ్మకానికి రుజువు. వారంటీ కార్డు ఆ అమ్మకానికి అదనంగా, తయారు చేసిన కంపెనీ తనంతట తాను ఇచ్చిన మాట. ఎంత కాలం, ఏ భాగానికి, ఏ షరతులతో అన్నది కంపెనీయే రాసుకుంటుంది. కానీ అమ్మిన వస్తువు పనికొచ్చేదిగా ఉండాలన్న బాధ్యత ఆ కార్డు వల్ల పుట్టలేదు. ఒక రకం వస్తువుల వ్యాపారం చేసే వారి దగ్గర ఆ రకం వస్తువు కొన్నప్పుడు, అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్న షరతు ఎవరూ నోటితో చెప్పకపోయినా ఆ ఒప్పందంలో ఉన్నట్టే లెక్క అని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్‌లోనే ఉంది. మూడు వారాలకే చల్లదనం ఇవ్వని ఫ్రిజ్ ఆ పరీక్షకు నిలవదు.

దీనికి తోడు 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. చట్టం నిర్దేశించిన నాణ్యతకు గానీ, పైకి చెప్పిన లేదా చెప్పకుండానే ఉన్నట్టు భావించే ఒప్పందానికి గానీ, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న దానికి గానీ వస్తువు తక్కువైతే దానిని ఈ చట్టం లోపం అంటుంది. ఫ్రిజ్ తలుపు మీద అతికించిన స్టిక్కరు, షోరూంలో అమ్మకపు ఉద్యోగి చెప్పిన మాట, పత్రికలో వేసిన ప్రకటన కూడా ఈ చివరి మాట కిందికి వస్తాయి. లోపం రుజువైతే దానిని సరిచేయమని, లోపం లేని కొత్త వస్తువు ఇమ్మని, లేదా ధరను వడ్డీతో తిరిగి చెల్లించమని ఆదేశించే అధికారం 39వ సెక్షన్ కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఉంది. అవతలి వారి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే పరిహారం కూడా ఇప్పించవచ్చు. వారంటీలో మరమ్మతు మాత్రమే రాసి ఉన్నంత మాత్రాన కమిషన్‌కు ఉన్న ఈ అధికారం పోదు.

బిల్లు కింద అచ్చువేసిన ఆ వాక్యం గురించి ఇంకొంచెం చెప్పాలి. లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువేమీ పేర్కొనకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. చట్టం తప్పు అని చెప్పిన దానినే నియమంగా బిల్లు పుస్తకం మీద అచ్చు వేయించుకుని, దానినే కొనుగోలుదారుకు చూపించి వెనక్కు పంపడం ఎంతో అన్యాయం. రంగు నచ్చలేదనో, మనసు మారిందనో వెనక్కు తెచ్చిన వారికి ఆ వాక్యం చూపిస్తే అది వేరే సంగతి. అటువంటప్పుడు తీసుకోవడం మానడం దుకాణం ఇష్టం. లోపమున్న వస్తువు విషయంలో మాత్రం దానికి విలువ లేదు. మీ ఫ్రిజ్ మూడు వారాలకే ఆగిపోయింది, మీరు అప్పుడే షోరూంకు వెళ్లి చెప్పారు కనుక 30 రోజుల గడువు మీకు కలిసివస్తుంది. అయితే ఆ రోజు నోటిమాటగా చెప్పారా, రాతపూర్వకంగా ఇచ్చారా అన్నది మీ ఉత్తరంలో లేదు. నోటిమాటే అయితే, ఏ తేదీన వెళ్లారో, ఎవరు ఏమన్నారో ఇప్పుడైనా వివరంగా రాసి షోరూంకు స్పీడ్ పోస్టులో పంపండి. కంపెనీ కస్టమర్ కేర్‌కు మీరు చేసిన మొదటి ఫిర్యాదు నంబరు, తేదీ దానికి బలమిస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. కమిషన్‌కు వెళితే వస్తువు మొత్తం కొత్తది ఇప్పిస్తారన్న నమ్మకంతో చాలామంది వెళ్తారు. ప్రతిసారీ అలా జరగదు. మారుతీ ఉద్యోగ్ కంపెనీకి సంబంధించిన ఒక కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీలో లోపమున్న భాగాన్ని మార్చడం వరకే హామీ ఉన్నప్పుడు కారు మొత్తాన్ని మార్చి ఇమ్మనడం కుదరదని చెప్పింది. కంపెనీల తరఫు న్యాయవాదులు ఇప్పటికీ ముందుగా చూపించేది ఆ తీర్పునే. దానికి ఎదురు నిలవాలంటే, ఒక భాగం మారిస్తే పోయే లోపం కాదు, పుట్టుకతోనే వస్తువులో ఉన్న లోపం అని చూపించగలగాలి. అదే లోపం, తక్కువ కాలంలో, రెండుసార్లు బాగుచేసినా పోలేదన్న మీ చరిత్ర ఇందుకు ఎంతో ఉపయోగపడుతుంది. అందుకే ఆ చరిత్రను రుజువు చేసే కాగితాలు మీకు ఫ్రిజ్ కంటే విలువైనవి.

ఆ కాగితాల్లో ముఖ్యమైనది జాబ్ షీట్. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ అందులో ఒక గడిలో కస్టమర్ చెప్పిన ఫిర్యాదు, ఇంకో గడిలో తాను చూసినది, మూడో దానిలో చేసిన పని రాస్తాడు. ఆచరణలో మొదటి రెండూ ఖాళీగా వదిలేసి, మూడో గడిలో "గ్యాస్ చార్జ్ చేశాం, ఓకే" అని రాసి సంతకం చేయమంటారు; ఈ మధ్య సంతకానికి బదులు ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పమంటున్నారు. ఆ ఓటీపీ చెప్పిన క్షణాన కంపెనీ రికార్డులో మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదవుతుంది. ఆ తరవాత మీరు మళ్లీ ఫోన్ చేస్తే అది కొత్త ఫిర్యాదు అవుతుంది తప్ప పాతదానికి కొనసాగింపు కాదు. లోపం ఒక్కటే అని చూపించడం అప్పుడు కష్టమవుతుంది. కనుక కూలింగ్ వచ్చిందని మీకు మీరు నిర్ధారించుకున్నాకే ఓటీపీ చెప్పండి. సంతకం చేసే ముందు "ఇది మూడోసారి, లోపం అదే" అని మీ చేతిరాతతో షీట్ మీద రాసి దాని ఫోటో తీసుకోండి. మెకానిక్ మీద కోపం చూపనక్కర్లేదు, అతను చేసేది తన ఉద్యోగమే. రాత మాత్రం ఉండాలి.

లోపాన్ని పరీక్ష లేకుండా తేల్చలేమని కమిషన్ భావిస్తే వస్తువును ప్రయోగశాలకు పంపిస్తుంది. ప్రయోగశాల 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలని చట్టంలో ఉంది, ఆ ఖర్చుకు ముందుగా మీ చేత డబ్బు కట్టించవచ్చు. ఫ్రిజ్ వంటి పెద్ద వస్తువును అంత దూరం పంపడం సులభం కాదు కనుక, కంపెనీతో సంబంధం లేని అనుభవజ్ఞుడైన రిఫ్రిజరేషన్ మెకానిక్ చేత చూపించి, అతను గమనించిన దానిని అతని అఫిడవిట్‌గా (ప్రమాణపత్రంగా) జతచేయడం మంచిది. చూడడం వరకే, కంప్రెసర్ విప్పనివ్వకండి. బయటి మనిషి విప్పాడన్న ఒక్క కారణంతో కంపెనీ చేతులు దులుపుకుంటుంది.

ఢిల్లీ కోర్టు షరతు గురించి దిగులు వద్దు. ఫిర్యాదు చేసే వ్యక్తి నివసించే చోట గానీ, పనిచేసే చోట గానీ ఉన్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చని 2019 చట్టం కొత్తగా చెప్పింది. 1986 నాటి పాత చట్టంలో ఈ సౌకర్యం లేక ఎంతోమంది అవతలి పక్షం ఉన్న ఊరికి తిరగవలసి వచ్చేది. మీరు ఖమ్మంలోనే వేయండి. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. న్యాయవాదిని పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు. ఫిర్యాదును ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా దాఖలు చేయవచ్చు.

ప్రతివాదులుగా షోరూంను, కంపెనీని, మరమ్మతు చేసినది వేరే సంస్థ అయితే దానిని కూడా చేర్చండి. కానీ ముగ్గురినీ ఒకే గాటన కట్టేయకుండా, ఎవరు ఏం చేశారో ఎవరి పేరు కింద వారిది విడిగా రాయండి. ఒక డీలరు పాత కారును కొత్త మోడల్‌గా అంటగట్టిన కేసులో, డీలరు చేసిన మోసం కంపెనీకి తెలుసని చూపించనిదే కంపెనీని బాధ్యురాలిని చేయలేమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. లోపం తయారీలో ఉందంటే కంపెనీ, వాపసు నిరాకరించడం అంటే షోరూం, పదే పదే సరిగా బాగుచేయలేకపోయిందంటే సర్వీస్ సెంటర్ అని స్పష్టంగా ఉండాలి. ఇంకొక మాట: వారంటీ షరతులు అన్యాయమైనవి, వాటిని రద్దు చేయండి అని మాత్రం జిల్లా కమిషన్‌ను కోరకండి. అన్యాయమైన ఒప్పందాలపై ఫిర్యాదులు వినే అధికారాన్ని చట్టం రాష్ట్ర కమిషన్‌కు ఇచ్చింది. ఆ ఒక్క కోరిక వల్ల మీ కేసు పరిధి దగ్గరే చిక్కుకుపోవచ్చు. లోపం, అనుచిత పద్ధతి, సేవాలోపం అన్న మూడింటి మీదే నిలబడండి.

నోటీసు అందిన తరవాత అవతలి పక్షం 30 రోజుల్లో, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఆ 45 రోజులకు మించి గడువు ఇచ్చే వీలు లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పరీక్ష అవసరం లేని ఫిర్యాదును మూడు నెలల్లో, అవసరమైన దానిని ఐదు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. నిజానికి అంతకంటే ఎక్కువ కాలమే పడుతుందని ముందే మనసులో పెట్టుకోండి. ఆలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. కంపెనీ పైస్థాయి వరకు విషయం చేరితే కేసు దాకా వెళ్లకుండానే తేలిపోయే సందర్భాలు ఉన్నాయి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న ఫోన్ పన్నెండో రోజున ఆగిపోయింది. రీప్లేస్‌మెంట్ ఏడు రోజుల్లోనే అని యాప్‌లో చూపిస్తోంది. సర్వీస్ సెంటర్‌లో ఫోన్ తెరిచి, లోపల నీళ్లు వెళ్లాయి, వారంటీ వర్తించదు, 11,000 కట్టమంటున్నారు. ఫోన్ ఒక్కసారి కూడా తడవలేదు. మేం అమ్మలేదు, అమ్మకందారుకు చోటు ఇచ్చామంతే అని యాప్ వాళ్లు అంటున్నారు.
— ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఏడు రోజులు అన్నది ఆ యాప్ తన వ్యాపారం కోసం పెట్టుకున్న పద్ధతి. ఆ ఏడు రోజుల్లో పెద్దగా వాదన లేకుండా మార్చి ఇస్తారు, అంతవరకు అది మీకు మేలే. ఎనిమిదో రోజున మీ హక్కు రద్దయిపోదు. లోపమున్న వస్తువును గానీ, ప్రకటనలో చూపిన లక్షణాలు లేని వస్తువును గానీ వాపసు తీసుకోవడానికి, డబ్బు తిరిగి ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించరాదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. యాప్ నిర్వహించే సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆ అధికారి పేరు, సంప్రదించే వివరాలు యాప్‌లోనే కనిపించాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. మీరు ఇంతవరకు మాట్లాడింది చాట్‌లో కస్టమర్ కేర్‌తో అయి ఉంటుంది. ఇప్పుడు ఫిర్యాదుల అధికారికి మెయిల్ పంపండి. నియమాల ప్రకారం సమాధానం చెప్పవలసింది ఆయన. మేం చోటు ఇచ్చామంతే అన్న వాదన ఎంతవరకు నిలుస్తుందో కమిషన్ తేలుస్తుంది కనుక ఫిర్యాదులో యాప్‌ను, అమ్మకందారును, ఫోన్ కంపెనీని ముగ్గురినీ చేర్చండి.

నీళ్ల సంగతికి వద్దాం. ఫోన్లలో తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కరు ఉంటుంది; దానిని చూసే సర్వీస్ సెంటర్ వాళ్లు ఆ నిర్ణయానికి వస్తారు. ఆ స్టిక్కరు ఎక్కడుందో, ఏ రంగులో ఉందో మీ ముందు ఫోటో తీయించి, "తడి వల్ల ఫలానా భాగం పాడైంది" అన్న నివేదికను సంతకంతో రాసివ్వమని అడగండి. తడి వల్లే పాడైందన్నది వాళ్ల వాదన, దానిని ఆధారంతో నిలబెట్టవలసిన వాళ్లు వాళ్లే. స్టిక్కరు రంగు మారడం వేరు, ఆ తడి వల్లే ఫోన్ ఆగిపోవడం వేరు. రెండింటికీ ఉన్న సంబంధం చెప్పమని అడగండి. రాసివ్వడానికి వెనకాడితే, వెనకాడారని అదే రోజు కంపెనీకి మెయిల్ చేయండి. 11,000 కట్టి బాగుచేయించుకోవాలన్న తొందర వద్దు. అక్కడ పాత బోర్డు తీసేసి కొత్తది వేస్తే మీ రుజువు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. తప్పనిసరై కట్టవలసి వస్తే పాత బోర్డు తిరిగి ఇమ్మని ముందే రాతపూర్వకంగా అడగండి, బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లించాను" అని రాయండి.

ప్రశ్న: బోరుకు కొత్త సబ్‌మెర్సిబుల్ మోటారు వేశాను. రెండు నెలలకే కాలిపోయింది. వైండింగ్ కాలడం వారంటీలో లేదని, కరెంటు హెచ్చుతగ్గుల వల్లే కాలిందని డీలరు అంటున్నాడు. మోటారు లేక వేరుశనగ ఎండిపోయింది. రైతు పంట అమ్ముకుంటాడు కాబట్టి అది వ్యాపారం కిందికి వస్తుందని, వినియోగదారుల కోర్టు వినదని తెలిసిన వకీలు ఒకాయన చెప్పాడు. నిజమేనా?
— ఒక రైతు, కదిరి ప్రాంతం

జవాబు: నిజం కాదు. ఈ మాట ఇంకా వకీళ్ల నోట వినపడుతున్నందుకు బాధగా ఉంది. వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారు వినియోగదారులు కారని చట్టంలో ఉన్న మాట వాస్తవమే. కానీ బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా తానే వాడుకునే వస్తువును కొన్న వ్యక్తికి ఆ మినహాయింపు వర్తించదని ఆ చట్టంలోనే వివరణ ఉంది. కుట్టుమిషను కొన్న దర్జీ, తానే నడుపుకోవడానికి ఆటో కొన్న డ్రైవరు వినియోగదారులే అయినప్పుడు రైతు ఎందుకు కాడు?

పైగా ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు దాకా తీసుకువెళ్లి తేల్చుకున్నది మన రైతులే. జాతీయ విత్తన సంస్థ దగ్గర విత్తనాలు తీసుకుని నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులలో 2012 జనవరిలో తీర్పు వచ్చింది. రైతు వినియోగదారుడు కాడని, విత్తన చట్టం ఉండగా వినియోగదారుల చట్టం వర్తించదని, ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉందని, విత్తనాన్ని ప్రయోగశాలలో పరీక్ష చేయించలేదని ఆ సంస్థ వాదించింది. కోర్టు వీటిలో ఏ ఒక్కటీ ఒప్పుకోలేదు. ముఖ్యంగా పరీక్ష విషయంలో కోర్టు రైతు స్థితిని అర్థం చేసుకుంది. కొన్న విత్తనమంతా నేలలో వేసేసే రైతు, రేపు కేసు వేయవలసి వస్తుందేమోనని కొంత దాచిపెట్టి ఉంటాడని ఆశించకూడదంది. చేతిలో చట్టం పుస్తకం లేని మనిషికి రుజువు ఎంత భారమో ఆలోచించి రాసిన తీర్పు అది. మీ వకీలు గారికి ఈ తీర్పు చూపించండి.

విత్తనం మట్టిలో కలిసిపోతుంది, మోటారు అలా కాదు. అది మీ దగ్గరే ఉంది కనుక పరీక్షకు నిలబెట్టవలసిన అవసరం మీకుంది. ఇంకా రీవైండింగ్‌కు ఇవ్వకపోతే ఇవ్వకండి. పంట ఒత్తిడిలో రైతులు చేసే మొదటి పని మోటారును వైండింగ్ షాపుకు తీసుకువెళ్లడం, అక్కడ కాలిన తీగ తీసి కాటాకు వేసేయడంతో ఆధారం మొత్తం పోతుంది. ఇద్దరు పెద్దమనుషుల ముందు, వీలైతే డీలరుకు ముందుగా కబురు చేసి, అనుభవమున్న మెకానిక్ చేత విప్పించండి. విప్పుతుండగా వీడియో తీయించండి. ఒక ఫేజు పోయినప్పుడు కాలిన వైండింగ్ తీరు వేరుగా, లోపలికి నీరు చేరడం వల్లనో ఇన్సులేషన్ బలహీనత వల్లనో కాలిన తీరు వేరుగా ఉంటుంది. ఆ తేడాను అతని చేత రాయించి సంతకం పెట్టించండి. ఇక కరెంటు హెచ్చుతగ్గులన్న మాటకు మంచి జవాబు మీ పక్క పొలాల్లోనే ఉంది. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తున్న మిగతా మోటార్లు ఆ రోజుల్లో కాలకపోతే, ఆ రైతుల దగ్గర ఆ మేరకు అఫిడవిట్లు తీసుకోండి. స్టార్టరు, కేబులు బిల్లులు కూడా జతచేయండి, స్టార్టరులో రక్షణ పరికరం ఉందని చూపించడం అవసరం. ఎండిన వేరుశనగకు పరిహారం అడగాలనుకుంటే చేను దున్నేయక ముందే వ్యవసాయ అధికారికి అర్జీ ఇచ్చి, చేను చూసి రాసివ్వమని కోరండి. మోటారు ధర రాబట్టడం కంటే పంట నష్టం రాబట్టడం కష్టం. అయినా అడగడం మానకండి, అడగని దానిని కమిషన్ ఇవ్వదు.

ప్రశ్న: గృహప్రవేశానికని దసరా ఆఫర్‌లో ఏసీ కొని డబ్బా తెరవకుండా ఉంచాం. మాఘమాసంలో బిగించాం. బిగించిన పదో నెలలో చెడిపోతే, బిల్లు తేదీ నుంచి ఏడాది దాటిపోయిందన్నారు.
— ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: బిగించేదాకా వాడడానికి వీలులేని వస్తువుకు వారంటీని బిల్లు తేదీ నుంచి లెక్కించడం న్యాయం కాదు. బిగించిన తేదీ నుంచి వారంటీ మొదలయ్యేలా పద్ధతి మార్చుకోవాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో ఎలక్ట్రానిక్ వస్తువుల కంపెనీలను కోరింది. అది సలహాయే, చట్టం కాదు. కానీ మీ ఫిర్యాదులో దానిని ప్రస్తావించండి, కంపెనీ మెకానిక్ బిగించిన రోజు జాబ్ షీట్ జతచేయండి.

వారంటీ ముగిసిందనే ఒప్పుకున్నా, దానితో అంతా ముగియదు. వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంగతి, పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు చేయవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ చెబుతోంది. ఆ రెండేళ్లకూ వారంటీ గడువుకూ సంబంధం లేదు. లోపం తయారీలోనే ఉండి, ఆలస్యంగా బయటపడిందని చూపించగలిగితే మీ వాదనకు చోటుంది. వారంటీ కాలంలో అయితే చెడిపోయిందని చెబితే చాలావరకు సరిపోతుంది. ఆ కాలం దాటాక ఎందుకు చెడిపోయిందో కూడా మీరే చూపించాలి, భారం పెరుగుతుంది. ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే రెండేళ్ల గడువు ఆగదన్నది గుర్తుంచుకోండి. కంపెనీ "పరిశీలిస్తున్నాం" అని ఎన్నిసార్లు జవాబిచ్చినా గడియారం నడుస్తూనే ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి ఆన్‌లైన్‌లో కొని నాకు పంపిన వాషింగ్ మెషీన్ చెడిపోయింది. బిల్లు వాడి పేరు మీద ఉంది. నేను ఫిర్యాదు చేయవచ్చా?
— ఒక గృహిణి, తణుకు

జవాబు: చేయవచ్చు. కొన్న వ్యక్తి అనుమతితో వాడుకుంటున్న వారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. మీ వాడకం కోసమే కొన్నట్టు, ఫిర్యాదు చేయడానికి అంగీకరిస్తున్నట్టు మీ అబ్బాయి నుంచి ఒక ఉత్తరం తెప్పించి జతచేయండి. మీరు నివసించే చోటే వేయవచ్చు.

ప్రశ్న: బిల్లు మీద అక్షరాలు పూర్తిగా చెరిగిపోయాయి. వారంటీ ఇంకా ఉన్నా సర్వీస్ సెంటర్ వాళ్లు ఒప్పుకోవడం లేదు.
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇప్పుడు చాలా దుకాణాలు ఇచ్చేది థర్మల్ కాగితం మీద ముద్రించిన బిల్లు, వేడికి, వెలుతురుకు ఏడాది తిరగకుండానే తెల్లకాగితం అయిపోతుంది. వారంటీ కాలం ఎంతో కొనుగోలు నాడే తెలిసిన వస్తువుకు అంతకాలం నిలవని కాగితం మీద బిల్లు ఇవ్వడాన్ని దుకాణాలు మానుకోవాలి. ప్రస్తుతానికి దుకాణం వారిని జీఎస్టీ రికార్డులోని బిల్లు నకలు అడగండి. యూపీఐ లేదా కార్డు చెల్లింపు వివరాలు, వస్తువు సీరియల్ నంబరు, కంపెనీ దగ్గర నమోదు చేసుకున్న మెసేజ్ కూడా రుజువులే. అసలు బిల్లే ఇవ్వకపోవడం చట్టరీత్యా అనుచిత వ్యాపార పద్ధతి కనుక, నకలు ఇవ్వడానికి నిరాకరిస్తే ఆ సంగతి రాతలో పెట్టండి.

ప్రశ్న: ఈఎంఐ మీద కొన్న టీవీ తెర రెండో నెలలోనే నల్లబడిపోయింది. కంపెనీ మార్చి ఇచ్చేదాకా వాయిదాలు ఆపేయవచ్చా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆపకండి. అప్పు ఇచ్చిన ఫైనాన్స్ సంస్థతో మీ ఒప్పందం వేరు, టీవీ అమ్మకం వేరు. వాయిదా తప్పితే జరిమానాలు పడడమే కాక మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. రేపు ఇంటి రుణానికి వెళ్లినప్పుడు అది అడ్డు తగులుతుంది. కోపం టీవీ అమ్మిన వారి మీద, నష్టం మీకు. వాయిదాలు కడుతూనే, టీవీ పనిచేయని కాలానికి కట్టిన వడ్డీని నష్టపరిహారంలో భాగంగా షోరూం నుంచి, కంపెనీ నుంచి రాబట్టమని ఫిర్యాదులో కోరండి. అందుకు ఫైనాన్స్ సంస్థ నుంచి వాయిదాల వివరాల పత్రం తీసుకుని పెట్టుకోండి. అందులో అసలు ఎంత, వడ్డీ ఎంత అన్నది నెలవారీగా ఉంటుంది. వడ్డీ లేని ఈఎంఐ అని చెప్పి అమ్మి ఉంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంత తీసుకున్నారో దానినీ లెక్కలో చేర్చండి.